ఒకసారి రాసిన పాటకు పదేపదే డబ్బు అడగడం న్యాయమేనా? అడిగితే ఎవరిని, ఎలా?

కందుకూరు వైపు నుంచి ఒకాయన అడిగారు. ఒంగోలులో ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్లకు జానపద బాణీలో పాట రాసిచ్చారు. చేతికి 6,000 రూపాయలు ఇచ్చారు, కాగితం ఏమీ రాసుకోలేదు. పాట బాగా ఆడింది. తిరునాళ్లలో ప్రభల దగ్గరా, పెళ్లి ఊరేగింపుల్లోనూ అదే మోగుతోంది. ఇప్పుడు ఛానల్ వాళ్లు స్టాంపు పేపరు తెచ్చి సంతకం పెట్టమంటున్నారు. వాటా అడుగుదామంటే ఇంట్లోవాళ్లే "ఇల్లు కట్టిన మేస్త్రీ నెలనెలా అద్దెలో వాటా అడుగుతాడా?" అని నోరు మూయిస్తున్నారట. అడగడం న్యాయమేనా, చట్టం ఏమంటుంది, ఆ పేపరు సంగతేమిటి అనేవి ఆయన ప్రశ్నలు.

ముందు తొందర పని చెప్తాను. ఆ పేపరు మీద సంతకం పెట్టకండి. కాపీరైట్ బదిలీ రాతపూర్వకంగా, హక్కుదారు సంతకంతో ఉంటేనే చెల్లుతుందని కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ చెప్తుంది. మీరు వాళ్ల దగ్గర నెలజీతానికి పనిచేసి ఉంటే లెక్క వేరు, అప్పుడు యజమానే తొలి హక్కుదారు. మీరు బయటి మనిషిగా రాసిచ్చారు, కాగితం లేదు. కాబట్టి సాహిత్యం మీద హక్కు ఇవాళ్టికీ మీదే. వాళ్ల దగ్గరున్నది మహా అయితే నోటిమాట అనుమతి. అది వాళ్లకూ తెలిసింది కాబట్టే పేపరు తెచ్చారు. బేరమాడే బలం మీకు సంతకం పెట్టేదాకానే ఉంటుంది.

ఇక మేస్త్రీ మాట. వినడానికి బాగుంటుంది కానీ నిలబడదు. మేస్త్రీ పని మొదలుపెట్టేనాటికే ఎన్ని చదరపు అడుగులో, ఎన్ని రోజులో, చదరానికి ఎంతో తేలిపోయి ఉంటుంది. ఇల్లు పూర్తయ్యాక ఏడాది ఖాళీగా పడి ఉన్నా కూలి వెనక్కి ఇవ్వడు. పాటకు 6,000 ఇచ్చిన రోజున దాని విలువ ఇచ్చినవాళ్లకూ తెలియదు, పుచ్చుకున్నవాళ్లకూ తెలియదు. అది వాడకంలోనే తేలుతుంది. అందుకే ఈ రంగంలో రెండు రకాల బేరాలు ఉన్నాయి. ఒకటి గంపగుత్త: కొన్నవాడు నష్టభయం మొత్తం తన నెత్తిన వేసుకుని ముందే పెద్ద మొత్తం ఇస్తాడు. రెండోది, ఇప్పుడు కొంచెం ఇచ్చి, ఆడితే వాటా ఇవ్వడం. రాయల్టీ అంటే ఈ రెండోదే. ఆ రోజు తేలని ధరలో మిగిలిన బాకీ అది, రెండోసారి కూలి కాదు. పాట ఆడకపోతే ఒక్క రూపాయి కూడా రాదు, ఆ నష్టం రాసినవాడిదే. మీ ఛానల్ వాళ్లు చేసింది రెండోరకం ధర ఇచ్చి మొదటిరకం హక్కులు అడగడం. అన్యాయం అనే మాట వాడాలంటే అక్కడ వాడాలి.

అలాగని చేయి వేసిన ప్రతివాళ్లకూ జీవితాంతం రావాలనేది నా అభిప్రాయం కాదు, చట్టమూ అలా అనదు. పాటలో సాహిత్యానికి రచయిత, బాణీకి స్వరకర్త, గొంతుకు గాయకుడు, వాయిద్యానికి కళాకారుడు, రికార్డింగుకు పెట్టుబడి పెట్టిన నిర్మాత హక్కుదారులు. మిక్సింగ్ చేసిన సౌండ్ ఇంజినీరుకు విడిగా ఒప్పందం ఉంటే తప్ప చట్టం వాటా ఇవ్వదు. ఫొటోలకైతే లెక్క తిరగబడుతుంది: డబ్బిచ్చి తీయించుకున్న పెళ్లి ఫొటోలకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే తొలి హక్కుదారులు. స్టూడియో వాళ్లు వాటిని ప్రకటనల్లో వాడుకోవాలంటే పెళ్లివాళ్లనే అడగాలి.

ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాల సంగతి ఇంకా కష్టం. పారిశ్రామిక పద్ధతిలో 50 కంటే ఎక్కువ నకళ్లు తయారైన డిజైనుకు కాపీరైట్ పోతుందని 15వ సెక్షన్ అంటుంది. కొత్త పిడి నమూనా గీసిన కళాకారుడికి రక్షణ కావాలంటే దాన్ని బయట పెట్టకముందే డిజైన్ల చట్టం కింద నమోదు చేయాలి. అది 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5 ఏళ్లు ఉంటుంది. సంతలో అమ్మాక నమోదుకు వెళ్తే కొత్తదనం పోయిందంటారు. భౌగోళిక గుర్తింపు ఉంటే చాలదా అని చాలామంది అనుకుంటారు. అది ఊరి పేరును కాపాడుతుంది తప్ప ఏ ఒక్క కళాకారుడికీ నమూనాకింత అని ఇప్పించదు.

మళ్లీ పాటకు వద్దాం, చట్టం గట్టిగా ఉన్నది ఇక్కడే. 1977లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, సినిమా కోసం డబ్బిచ్చి రాయించుకున్న పాటకు నిర్మాతే హక్కుదారు అన్న పద్ధతి స్థిరపడింది. ఆ తీర్పులోనే జస్టిస్ కృష్ణయ్యర్ గాయకులకు ఏ హక్కూ లేకపోవడం గురించి విడిగా వ్యాఖ్యానించారు. 2012 జూన్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఈ పద్ధతిని మార్చింది. ఇప్పుడు 18, 19 సెక్షన్ల ప్రకారం రచయిత, స్వరకర్త తమ కాపీరైట్‌ను ఎవరికి రాసిచ్చినా, పాట వాడకంపై వచ్చే రాయల్టీలో సమాన వాటాను మాత్రం వదులుకోలేరు. "వదులుకుంటున్నాను" అని సంతకం పెట్టినా ఆ వాక్యం చెల్లదు. ఆ వాటాను వారసులకో, కాపీరైట్ సొసైటీకో (హక్కుదారుల తరఫున రుసుము వసూలు చేసి పంచే సంస్థ) తప్ప ఇంకెవరికీ బదిలీ చేయలేరు. సినిమా పాటలకు ఒక మినహాయింపు ఉంది: థియేటర్లో సినిమాతో పాటు పాట వినిపించినందుకు రాయల్టీ ఉండదు. సినిమాతో సంబంధం లేని విడి పాటలకు ఆ మినహాయింపు కూడా లేదు. మీది విడి పాట.

సమాన వాటా అంటే మీ ఒక్కరికే సగం అనుకోకండి. మామూలుగా పాటిస్తున్న పంపకంలో నూటికి 50 హక్కులు కొన్న కంపెనీది, మిగిలిన 50లో సాహిత్యానికి 25, బాణీకి 25. ఇద్దరు కలిసి రాస్తే ఆ 25 మళ్లీ పంచుకోవాలి. రేడియో వాళ్లు ఈ సవరణ తమకు వర్తించదని వాదించారు. 2023 ఏప్రిల్‌లో బాంబే హైకోర్టు మధ్యంతర ఉత్తర్వుల్లో, సౌండ్ రికార్డింగు ప్రసారమైన ప్రతిసారీ అందులోని సాహిత్యానికి, సంగీతానికి కూడా రాయల్టీ కట్టాల్సిందేనని చెప్పింది.

చాలామంది పొరబడే చోటు ఇంకోటుంది. పాట మీద వచ్చే డబ్బు ఒకే కాలువలో రాదు. యూట్యూబ్ ఛానల్ యజమానికి నెలనెలా పడే ప్రకటనల సొమ్ము ఒకటి. అది వీడియో, రికార్డింగు పెట్టినవాడి ఖాతాలో పడుతుంది. అందులో సగం నాది అని చట్టం చూపించి నేరుగా లాగడం కష్టం, దానికి ఒప్పందంలోనే రాసుకోవాలి. సాహిత్యానికి, బాణీకి యూట్యూబ్, స్ట్రీమింగ్ సేవలు, ఎఫ్ఎం, టీవీ, హోటళ్లు, స్టేజీ కార్యక్రమాలు కట్టే లైసెన్సు రుసుము రెండోది. ఇది కాపీరైట్ సొసైటీ ద్వారా వస్తుంది. రచయితలకూ స్వరకర్తలకూ అది ఐపీఆర్ఎస్, అంటే 1969లో మొదలైన ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ. గాయకులకు 2013లో ఏర్పడిన సొసైటీ వేరే ఉంది. మూడోది ఎవరైనా సినిమావాళ్లు మీ పాటను కొనుక్కుంటే ఒకేసారి వచ్చే సొమ్ము. జానపద శైలి పాటకు అసలైన పెద్ద డబ్బు ఈ మూడోదే. మీ ముందు పెట్టిన స్టాంపు పేపరు కన్ను కూడా దీని మీదే ఉంటుంది. "సమస్త హక్కులు, శాశ్వతంగా, ప్రపంచమంతటా, అన్ని మాధ్యమాల్లో" అని సంతకం పెడితే రాయల్టీ వాటా పోదు, నిజమే. కానీ సినిమాకు ఇచ్చే హక్కు, మార్చి రాయించుకునే హక్కు, ఇంకో భాషలో వాడుకునే హక్కు అన్నీ పోతాయి. సినిమావాళ్లు వచ్చి బేరం చేసేది అప్పుడు ఛానల్‌తో, మీతో కాదు.

అందుకే నా సలహా: బదిలీ పత్రం రాయకండి, అనుమతి పత్రం రాయండి. వాళ్ల పేపరు బదులు మీరే ఒకటి తయారుచేసి పట్టుకెళ్లండి. తెలుగులో రాసినా చెల్లుతుంది. సారాంశం ఇలా ఉండాలి: "ఈ పాట సాహిత్యానికి కాపీరైట్ హక్కుదారు రచయితే. ఫలానా ఛానల్‌లోనూ, ఆడియో స్ట్రీమింగ్ సేవల్లోనూ ఈ రికార్డింగును ఉంచడానికి 5 సంవత్సరాలకు అనుమతి ఇస్తున్నాను. సినిమా, టీవీ, వాణిజ్య ప్రకటన, ఎన్నికల ప్రచారం, రీమిక్స్, అనువాదం ఇందులోకి రావు, ప్రతిదానికీ విడిగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. వీడియో మీదా వివరణలోనూ రచయిత పేరు ఉండాలి. ఛానల్‌కు ఈ పాట మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో ఇంత శాతం ఆరు నెలలకోసారి లెక్కతో సహా చెల్లించాలి."

గడువు తప్పకుండా రాయండి. గడువు రాయని బదిలీ పత్రం ఐదేళ్లకే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం అనుకుంటుంది. ఇది మీకు లాభమే. అందుకే తెలివైనవాళ్లు "శాశ్వతంగా", "ప్రపంచమంతటా" అనే రెండు మాటలు ఎప్పుడూ వదలరు. ఎదుటివాళ్ల పేపరులో మొదట వెతకాల్సినవి ఆ రెండే.

శాతం దగ్గర గొడవలు "ఖర్చులు పోను" అన్న మాటతో మొదలవుతాయి. నిర్మాత వైపు నుంచి చూస్తే అది తప్పు కోరిక కాదు. పది పాటలు చేస్తే ఒకటి ఆడుతుంది, స్టూడియో, కీబోర్డు, గాయని, డ్యాన్సర్లు, కెమెరా అన్నిటికీ ముందే డబ్బు పోసి ఉంటాడు. ఖర్చు రాబట్టుకున్నాకే వాటా మొదలవ్వాలంటే ఒప్పుకోండి, కానీ ఖర్చు అంకె ఒప్పందంలోనే వేయించండి. ఉదాహరణకు పాటకు 80,000 అయిందని, ఏడాదిలో 2,40,000 వచ్చిందని, మీ వాటా 15 శాతం అని అనుకుందాం. 80,000 తీసేస్తే మిగిలేది 1,60,000, మీకు 24,000. ఖర్చు అంకె రాయకపోతే తర్వాత తీసిన మూడు పాటల నష్టం కూడా ఇందులో కలుస్తుంది, మీ వాటా ఎప్పటికీ మొదలవదు. "ఈ పాట ఖర్చు మాత్రమే, వేరే పాటల ఖర్చు కలపరాదు" అన్న ఒక్క వాక్యం చాలు. లెక్కకు ఆధారంగా యూట్యూబ్ స్టూడియోలో ఆ ఒక్క వీడియో ఆదాయం కనిపించే పేజీని పంపాలని కూడా రాయించండి. చేత్తో రాసిన లెక్క ఒప్పుకోవద్దు. ఇంకోటి: ఈ 6,000ను ఆదాయంలోంచి మళ్లీ మినహాయించుకుంటారా లేదా అన్నది కూడా ముందే తేల్చుకోండి.

సొసైటీలో చేరడం ఒప్పందం మీద సంతకానికి ముందు చేయండి. వరస ముఖ్యం. సభ్యుడు సొసైటీకి అప్పగించిన హక్కులకు విరుద్ధంగా ఆ తర్వాత చేసే బదిలీ చెల్లదని 19వ సెక్షన్‌లోనే ఉంది, అదే మీకు కంచె. దరఖాస్తు ఆన్‌లైన్‌లో చేయొచ్చు. పాన్, ఆధార్, రద్దు చేసిన చెక్కు, ఫొటో, కనీసం ఒక పాట బజారులోకి వచ్చిందని చూపే ఆధారం, నామినీ వివరాలు సిద్ధం చేసుకోండి. సభ్యత్వం రాగానే డబ్బు దానంతటదే రాదు, ప్రతి పాటనూ విడిగా నమోదు చేయాలి. ఇక్కడే ఎక్కువమంది డబ్బు ఆగిపోతుంది. మన పాటల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి, ఒకరు దీర్ఘానికి రెండు 'ఏ'లు వేస్తే ఇంకొకరు ఒకటే వేస్తారు. యూట్యూబ్‌లో ఉన్న స్పెల్లింగు, ఆడియో సేవల్లో ఉన్నది, జనం పిలిచే పల్లవి మొదటి మాట, అన్నీ ప్రత్యామ్నాయ పేర్లుగా ఇవ్వండి. ప్రతి రికార్డింగుకూ గుర్తింపు సంఖ్యలాంటి 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడు ఉంటుంది. ఛానల్ వాళ్లను అడిగి తీసుకుని రాయండి, వాడకాన్ని మీ పాటతో జత చేయడానికి అది పనికొస్తుంది. మీ పేరు కూడా పాన్‌లో ఒకటి, వీడియోలో కలంపేరు ఒకటి ఉంటే రెండూ చెప్పాలి. సాహిత్యం, బాణీ వాటాల దగ్గర మీరు ఒక అంకె, స్వరకర్త ఇంకో అంకె రాస్తే అది వివాదంగా నమోదై సొమ్ము ఆగుతుంది. ముందే ఇద్దరూ ఒక తెల్లకాగితం మీద వాటాలు రాసుకుని సంతకాలు చేసుకోండి. రాయల్టీ మీద 10 శాతం టీడీఎస్ కోస్తారు, పాన్ లేకపోతే 20.

మీది "జానపద బాణీ" అన్నారు కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. పల్లవి గానీ బాణీ గానీ నాట్లు వేసేటప్పుడు తరతరాలుగా పాడుకుంటున్నదే అయితే దాని మీద మీకూ హక్కు లేదు, ఛానల్‌కూ లేదు. మీరు కొత్తగా రాసిన చరణాలకే మీ హక్కు. నమోదులో ఆ భాగాన్ని సంప్రదాయం అని చూపించాలి. మొత్తం నాదే అని రాసి, మరో ఊరి బృందం అదే పాత పల్లవితో పెట్టిన వీడియోకు కాపీరైట్ స్ట్రైక్ (వీడియో తీసేయమని యూట్యూబ్‌కు ఫిర్యాదు) వేయిస్తే, వాళ్లు పాత రికార్డింగు ఒకటి చూపించగానే మీ అసలు హక్కు కూడా అనుమానంలో పడుతుంది. ఛానల్ వాళ్లు పాటను కంటెంట్ ఐడీలో (ఎవరు వాడినా పట్టుకునే యూట్యూబ్ ఏర్పాటు) పెట్టేటప్పుడు చేసే పొరపాటు కూడా ఎక్కువగా ఇదే.

పెళ్లి ఊరేగింపులో మోగినందుకు డబ్బు రాదు. మతపరమైన కార్యక్రమాలకు, పెళ్లి ఊరేగింపుకు, పెళ్లికి సంబంధించిన వేడుకలకు 52వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. 2023 జులైలో కేంద్రం బహిరంగ ప్రకటన ఇచ్చి మరీ దీన్ని గుర్తుచేసింది. తిరునాళ్లలో దేవుడి ఊరేగింపు వరకు ఇదే వర్తిస్తుంది. టిక్కెట్టు పెట్టి నెల్లూరులోనో ఒంగోలులోనో ఆర్కెస్ట్రా నడిపితే అది వేరు, నిర్వాహకుడు లైసెన్సు తీసుకోవాలి. పల్లెల్లో ఆ వసూలు జరుగుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

నిర్వాహకుడే అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. 2017 మార్చిలో అమెరికా పర్యటనలో ఉన్న మన నెల్లూరు బిడ్డ ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి, తన పాటలు అనుమతి లేకుండా వేదికల మీద పాడొద్దని ఇళయరాజా వైపు నుంచి లీగల్ నోటీసు వెళ్లింది. ఇకపై ఆ పాటలు పాడనని ఆయన ప్రకటించారు. పాడినవాడికే తన పాట మీద హక్కు లేదా అని ఇక్కడ చాలామంది నొచ్చుకున్నారు. గాయకుడి హక్కు రికార్డయిన తన గానం మీద, అది 50 ఏళ్లు ఉంటుంది. వేదిక మీద మళ్లీ పాడితే వాడకమయ్యేది బాణీ, సాహిత్యం. వాటికి అనుమతి వాటి హక్కుదారు దగ్గరో సొసైటీ దగ్గరో తీసుకోవాలి. ఆ పని, ఆ ఖర్చు టిక్కెట్లు అమ్ముకునేవాడివి. ఇద్దరు పెద్ద కళాకారుల మధ్య మనస్పర్థగా ఊరంతా చెప్పుకున్న దాంట్లో ఈ మూడోవాడి మాటే ఎవరూ ఎత్తలేదు.

నాటకాలాడే మిత్రులూ ఇదే అడుగుతుంటారు. పైకం తీసుకోని ఔత్సాహిక సమాజం ఉచితంగా ఆడినా, దేవాలయం వంటి మతసంస్థ సహాయార్థం ఆడినా రచయితకు కట్టనక్కర లేదు. కాంట్రాక్టు మాట్లాడుకుని వచ్చే బృందాలకు ఈ వెసులుబాటు లేదు. రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు వారసులకు ఉంటుంది. హరిశ్చంద్ర నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం 1953లో పోయారు, ఆ పాఠం 2014 నుంచి అందరిదీ. అదే నాటకం కాటిసీనులో పాడే జాషువా పద్యాలు అలా కాదు. జాషువా మరణం 1971, ఆ పద్యాల మీద హక్కు 2031 చివరిదాకా ఉంటుంది. మన జిల్లావాడే అయిన ఆత్రేయ 1989లో పోయారు కాబట్టి ఆయన సాహిత్యానికి 2049 చివరిదాకా. నన్నడిగితే 60 ఏళ్లు ఎక్కువ. మొదట 50 ఉండేది, ఠాగూర్ రచనల గడువు 1991తో ముగిసిపోతుండగా 60కి పెంచారు. రాసినవాడు బతికుండగా రావాల్సింది రాకుండా, మనవళ్ల దాకా గడువు పెంచుకుంటూ పోవడంలో నాకు పెద్ద న్యాయం కనబడదు.

చిత్రకారులకు ఒక ముక్క. మీ బొమ్మ 10,000 రూపాయలకు మించి తిరిగి అమ్ముడైతే ఆ ధరలో వాటా అడిగే హక్కు 53ఎ సెక్షన్‌లో ఉంది. వాటా ఎంతో నిర్ణయించాలి, 10 శాతం దాటదు. అమ్మేటప్పుడు కొన్నవాళ్ల పేరు, చిరునామా రాసుకోకపోతే ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. పాట చిత్తుప్రతి, ఛానల్ వాళ్లతో వాట్సాప్ సంభాషణ, మీరు పాడి పంపిన వాయిస్ మెసేజ్, 6,000 ఫోన్‌పేలో వచ్చి ఉంటే ఆ వివరం, అన్నీ తేదీలతో భద్రం చేయండి. ఫోన్ మార్చితే పోతాయి, ఇంకో చోట నకలు ఉంచండి. మీకు మీరే రిజిస్టరు పోస్టు చేసుకుని కవరు దాచుకోవడం బలమైన సాక్ష్యం కాదు. కాపీరైట్ కార్యాలయంలో సాహిత్యం నమోదుకు రుసుము 500 రూపాయలే. డైరీ నంబరు (దరఖాస్తు సంఖ్య) వచ్చాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. నమోదు తప్పనిసరి కాదు, కానీ కోర్టులో తొలి సాక్ష్యంగా నిలుస్తుంది.

తర్వాత ఛానల్ వాళ్లకు రిజిస్టరు పోస్టులో ఒక ఉత్తరం రాయండి, బెదిరింపు వద్దు. పాట మీదని, నోటిమాట అనుమతి తప్ప ఏమీ ఇవ్వలేదని, జతచేసిన అనుమతి పత్రం మీద 15 రోజుల్లో మాట్లాడదామని చెప్తే చాలు. పాట తీసేయించాలని మాత్రం మొదటే అడగకండి. తీసేస్తే పేరుకున్న వ్యూస్ పోతాయి, ఇద్దరికీ నష్టం. కోర్టు దాకా వెళ్లాల్సి వస్తే హక్కుదారు నివసించే చోటే దావా వేయొచ్చని 62వ సెక్షన్ చెప్తుంది, కాబట్టి హైదరాబాద్ తిరగక్కర లేదు, మీ జిల్లా కోర్టు చాలు. మూడేళ్ల కాలపరిమితి ఉంది, ఆ పాట అప్‌లోడ్ అయిన తేదీ ఒకసారి చూసుకోండి.